కారు డ్యాష్‌బోర్డులో లైటు వెలిగితే, షోరూంలో రిపేరుకి ఇస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు బాగానే నడుస్తుంటుంది. ఉన్నట్టుండి స్పీడోమీటర్ పక్కన ఒక లైటు వెలుగుతుంది. అక్కడి నుంచి టెన్షన్ మొదలు. బండి ఆపాలా, ఇంటిదాకా వెళ్లొచ్చా, షోరూంలో చూపిస్తే ఏమంటారో, ఎంత బిల్లు వేస్తారో. నేను మెకానిక్‌ని కాను. కానీ ఒక పసుపు లైటు కోసం ఒకే సర్వీస్ సెంటర్ చుట్టూ నెలన్నర తిరిగాను. అప్పుడు నేర్చుకున్నవీ, ఆ తర్వాత తెలిసినవాళ్లు అడిగితే చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

లైటు వెలగగానే మొదట ఏం చూడాలి?

రంగు చూడండి. ఎరుపైతే బండిని జాగ్రత్తగా పక్కకు తీసి ఆపాలి. పసుపో నారింజో అయితే సాధారణంగా బండి నడపొచ్చు, కాకపోతే త్వరగా చూపించాలి. ఆకుపచ్చ, నీలం రంగులు ఏదో ఒకటి ఆన్‌లో ఉందని చెప్పడానికే: ఇండికేటర్, హైబీమ్ లాంటివి. ఈ బొమ్మలకు ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందుకే ఏ కంపెనీ కారు ఎక్కినా నూనె డబ్బా బొమ్మ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది.

రంగు తర్వాత, లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతూ ఉందా అన్నది గమనించండి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. కొన్ని లైట్ల విషయంలో అసలు సంగతంతా అందులోనే ఉంటుంది.

తాళం తిప్పగానే అన్నీ ఒకేసారి వెలుగుతున్నాయి. ఏమైనా లోపమా?

లోపం కాదు. లైట్లు పనిచేస్తున్నాయో లేదో కారు తనే చూసుకుంటుంది. ఇంజిన్ స్టార్టయిన కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. నిజానికి వెలగకపోతేనే అనుమానించాలి. పాత కారు కొనేవాళ్లు ఇది తప్పకుండా చూడండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు గానీ, చెక్ ఇంజిన్ లైటు (ఇంజిన్ బొమ్మ ఉండే పసుపు లైటు) గానీ అసలు వెలగలేదంటే, లోపం కనిపించకుండా ఎవరో దాన్ని పనిచేయకుండా చేసి ఉండొచ్చు.

ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. ఇల్లు దగ్గరే. వెళ్లిపోవచ్చా?

వద్దు. ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని ఆ లైటు చెబుతోంది. ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకీ (క్రాంక్‌షాఫ్ట్) దాన్ని మోసే బేరింగులకీ మధ్య పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, ప్రెషర్ ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. అది పోతే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పట్టేయొచ్చు. ఇల్లు దగ్గరే కదా అని వెళ్లినవాళ్లకు ఆ కాస్త దూరమే ఇంజిన్ విప్పాల్సినంత పని తెచ్చిపెడుతుంది.

సమంగా ఉన్న చోట ఆపి, ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీయండి. ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి తీస్తేనే సరైన మట్టం తెలుస్తుంది. ఆయిల్ తక్కువగా ఉంటే సరైన గ్రేడు ఆయిల్ పోసి స్టార్ట్ చేయండి. లైటు ఆరితే నెమ్మదిగా మెకానిక్ దగ్గరకు వెళ్లండి, ఆ ఆయిల్ ఎటు పోయిందో తేలాలి కదా. ఆయిల్ సరిపడా ఉండీ లైటు వెలుగుతుంటే మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి. ప్రెషర్ స్విచ్ పాడై ఉండొచ్చు, అది చిన్న పనే. ఆయిల్ పంపు పోయి ఉండొచ్చు, అది పెద్ద పని. ఏదన్నది గేజ్ పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. బండిని కట్టి లాక్కెళ్లడమే మంచిది.

టెంపరేచర్ లైటు?

ఇది కూడా ఎరుపే, ఇది కూడా ఆపాల్సిందే. ఏసీ ఆపేసి, హీటర్ పూర్తిగా పెట్టండి. ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వస్తుంది, పక్కకు తీసే లోపు అది కాస్త సాయం. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తిప్పొద్దు. లోపల కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది. మూత తీసిన క్షణంలో మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఆగండి.

బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆ లైటు వెలిగిందంటే చార్జింగ్ అందడం లేదని అర్థం. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, దాన్ని తిప్పే బెల్టు, వైర్ల కనెక్షన్ – వీటిలో ఎక్కడైనా లోపం ఉండొచ్చు. మల్టీమీటర్ ఉంటే మీరే చూడొచ్చు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే చార్జింగ్ లేనట్టే.

కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగితే బ్యాటరీ లైటు వెంటే టెంపరేచర్ కూడా పెరుగుతుంది. రెండూ కలిసి కనిపిస్తే ఇక ముందుకు వెళ్లకండి.

బ్రేక్ లైటు ఆరడం లేదు. హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది.

బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఫ్లూయిడ్ మట్టం మెల్లమెల్లగా తగ్గుతుంది, అది సహజం. ఎక్కడైనా కారుతుంటే మాత్రం త్వరగా పడిపోతుంది. ఊరికే పోసి లైటు ఆర్పేసుకుంటే ఆ కారణం దాగిపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతున్నా, ఏబీఎస్ లైటు కూడా దీంతో పాటే వెలిగినా బండి నడపొద్దు. ఏబీఎస్ లైటు ఒక్కటే పసుపుగా ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా కాపాడే ఏర్పాటు మాత్రం ఉండదు.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతోంది. ఎంత దూరం నడపొచ్చు?

ఇంజిన్ మామూలుగా తిరుగుతూ, ఎరుపు లైట్లేవీ లేకపోతే ఇంటికీ, వర్క్‌షాపుకీ వెళ్లొచ్చు. కానీ వారాల తరబడి అలాగే నడపకండి. ఒక లోపంతో వెలిగిన లైటు, తర్వాత వచ్చే రెండో లోపాన్ని మీకు చూపించలేదు. అది ముందే వెలిగి ఉంది కదా.

అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే?

మిస్‌ఫైర్. ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్లి, పొగలోని విషవాయువులను తగ్గించే కెటాలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగిపోవచ్చు. వదిలేస్తే స్పార్క్ ప్లగ్గు గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ మార్చితే పోయే పని కన్వర్టర్ మార్చేదాకా వెళ్తుంది. యాక్సిలరేటర్ మీద బరువు తగ్గించండి, వీలైనంత త్వరగా ఆపండి. ఇంజిన్ వణుకుతుంటే అసలు నడపొద్దు.

పెట్రోలు మూత వదులుగా ఉన్నా లైటు వెలుగుతుందంటారు, నిజమేనా?

చాలా కార్లలో నిజమే. ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా ఉందో లేదో కారు పరీక్షించుకుంటుంది. మూత సరిగా బిగించకపోతే దాన్ని లీకుగా రాసుకుంటుంది. క్లిక్ వినిపించేదాకా తిప్పండి. మూత అంచున ఉన్న రబ్బరు రింగు పగిలిందేమో వేలితో తడిమి చూడండి. బిగించగానే లైటు ఆరదు, కొన్ని ప్రయాణాలు పడుతుంది.

పది లైట్లు ఒకేసారి వెలిగాయి. కారంతా పాడైందా?

కంగారు పడకండి. అన్ని కంప్యూటర్లూ ఒకే రోజు చెడిపోవడం చాలా అరుదు. ముందు 12 వోల్టుల బ్యాటరీ చూపించండి. వోల్టేజి పడిపోతే స్టీరింగ్, ఏబీఎస్, గేర్‌బాక్స్ అన్నీ ఒక్కొక్కటిగా ఫిర్యాదు చేస్తాయి. బ్యాటరీ టెర్మినల్ వదులైనా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా, ఎలుక వైర్లు కొరికినా అంతే. ఎలక్ట్రిక్ కారులో కూడా లోపల చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసించినా ఇదే తంతు.

టైరు ప్రెషర్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు?

టైరు లైటు నిలకడగా వెలిగితే గాలి చూడండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు ఫ్రేము మీద స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు గోడ మీద ఉండేది గరిష్ఠ పరిమితి, దాని ప్రకారం కొట్టించకండి. వాతావరణం చల్లబడినప్పుడు ప్రతి 5–6 డిగ్రీలకు దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, తెల్లవారుజామున లైటు వెలిగి మధ్యాహ్నానికి ఆరేది అందుకే. స్టార్ట్ చేసినప్పుడు నిమిషం పైగా కొట్టుకుని తర్వాత నిలకడగా ఉంటే మాత్రం గాలి సమస్య కాదు, చాలా కార్లలో అది సెన్సర్ పోయిందనడానికి గుర్తు.

ఎయిర్‌బ్యాగ్ లైటుకి తరచుగా సీటు కింద కనెక్టర్ వదులు కావడమే కారణం. అయినా మీరు వేలు పెట్టొద్దు, మల్టీమీటర్ అసలే పెట్టొద్దు. ఆ లైటు వెలుగుతున్నంత కాలం ప్రమాదంలో బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

డీజిల్ కారులో డీపీఎఫ్ లైటు వస్తోంది. ఊళ్లో చిన్న దూరాలే తిరుగుతాను.

కారణం మీరే చెప్పేశారు. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. దాదాపు 600 డిగ్రీల వేడి వస్తేనే ఆ మసి కాలిపోతుంది. చిన్న దూరాల్లో ఆ వేడి రాదు. మొదటిసారి లైటు వెలిగినప్పుడు ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు నడిపితే చాలాసార్లు శుభ్రపడుతుంది. ఏ వేగంతో నడపాలో మాన్యువల్‌లో ఉంటుంది. మధ్యలో ఇంజిన్ ఆపేయకండి.

లైటు దానంతటదే ఆరిపోయింది. వదిలేయొచ్చా?

వెంటనే మరిచిపోకండి. లోపం మళ్లీ కనబడకుండా సాధారణంగా మూడు ప్రయాణాలు వరుసగా సాగితే చెక్ ఇంజిన్ లైటు ఆరిపోతుంది. కానీ ఆ లోపానికి కారు రాసుకున్న కోడ్ మెమరీలో ఇంకా కొంతకాలం ఉంటుంది. ఆ లోపే చదివిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

కోడ్ నేనే చదువుకోవచ్చా?

చదువుకోవచ్చు, చదువుకోండి కూడా. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ 2 (కారు తన లోపాలను తనే కనిపెట్టి కోడ్‌గా చెప్పే పద్ధతి) తప్పనిసరి అయ్యాక ఈ సాకెట్ ప్రపంచమంతా పాకింది. చిన్న స్కానర్ పెడితే ఫోన్‌లోనే కోడ్ కనబడుతుంది. పీ అక్షరంతో మొదలైతే ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అయితే బ్రేకులు, సస్పెన్షన్. బీ బాడీది. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు ఆగిపోయాయని. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ0420 అంటే కెటాలిటిక్ కన్వర్టర్ అనుకున్నంతగా పనిచేయడం లేదని.

అయితే కోడ్ ఒక ఫిర్యాదు మాత్రమే. ఫలానా చోట కొలత తేడాగా ఉందని చెబుతుంది. ఫలానా పార్టు మార్చమని ఏ కోడూ చెప్పదు. షోరూంలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

షోరూంకి వెళ్లే ముందు కోడ్ చెరిపేసి, బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టి చూడొచ్చా?

అలా చేయకండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, వేడి ఎంత, లోడు ఎంత అన్న వివరాలు ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి. చెరిపితే అవి కూడా పోతాయి. కారు తన మీద తాను చేసుకునే పరీక్షలు కూడా మళ్లీ మొదటికి వస్తాయి. మెకానిక్ చేతిలో ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని మీరే తుడిచేసినట్టు అవుతుంది.

అయితే ఏం తీసుకెళ్లాలి?

లైటు వెలుగుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు ఫొటో, కుదిరితే వీడియో. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోకండి, పక్కనున్నవాళ్లను తీయమనండి. తర్వాత చిన్న కాగితం మీద రాయండి: ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కాకా, ఎత్తు ఎక్కుతున్నారా, వాన పడిందా, కొత్తగా పెట్రోలు పోయించారా, అంతకు ముందు ఏమైనా పని చేయించారా. "కారు అదోలా ఉంది" అంటే మెకానిక్ ఏం వెతకాలి? "ఉదయం మొదటి ఐదు నిమిషాలు, రెండో గేరులో వణుకుతుంది" అంటే ఆయనకు దారి దొరుకుతుంది.

జాబ్ కార్డులో ఏం చూసుకోవాలి?

బండి ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదులు రాసుకునే కాగితమే జాబ్ కార్డు. అందులో మీ మాటలు మీ మాటలుగానే ఉన్నాయో లేదో చూడండి. సర్వీస్ అడ్వైజర్ తొందరలో "చెక్ ఇంజిన్ లైట్ – చెక్" అని రాసేస్తారు. లోపల పనిచేసే టెక్నీషియన్‌కి మీరు చెప్పినదేదీ చేరదు. ఉదయం, చలి, రెండో గేరు – అన్నీ రాయించండి. ఓడోమీటర్ రీడింగ్, ఇంధనం మట్టం, బండి మీద ఉన్న గీతలు కూడా. "ఎస్టిమేట్ చెప్పి, నేను సరేనన్నాకే పని మొదలుపెట్టండి" అన్న వాక్యం రాయించి సంతకం పెట్టండి. దాని కాపీ తీసుకోకుండా తాళం ఇవ్వకండి.

సెన్సర్ మార్చాలంటున్నారు. నమ్మొచ్చా?

ఒక్క ప్రశ్న అడగండి: "ఏ పరీక్ష చేస్తే సెన్సర్ పోయిందని తేలింది?" నా అనుభవం చెబుతాను. పీ0171 అని కోడ్ వచ్చింది, అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతోందని. అడ్వైజర్ స్కానర్ వంక చూసి ఆక్సిజన్ సెన్సర్ అన్నారు. మార్చారు, బిల్లు కట్టాను. పదకొండో రోజున అదే లైటు. ఈసారి గాలిని కొలిచే సెన్సర్ అన్నారు. ఏ పరీక్ష చేశారని అడిగితే "కోడ్ అదే చూపిస్తోంది సార్" అన్నారు. అప్పటికి నెలన్నర అయింది.

బండి తీసుకుని ఒక పాత మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన స్కానర్ పక్కన పెట్టి ఇంజిన్‌లోకి పొగ పంపించారు. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది. అడుగు వైపు ఒక మడతలోంచి దారం లాంటి తెల్లని పొగ లేచింది. ఆయన గొట్టాన్ని రెండు చేతులతో వంచితే పగులు నోరు తెరిచింది. నా చిటికెన వేలి గోరంత ఉంది. వదిలితే మూసుకుపోయింది. గాలిని కొలిచే సెన్సర్ దాటిన తర్వాత ఆ పగులులోంచి కొలతకు అందని గాలి లోపలికి వెళ్తోంది. ఆక్సిజన్ సెన్సర్ మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది, నిజం చెప్పినందుకు దాన్నే మార్చేశారు. గొట్టం మార్చాక ఆ లైటు మళ్లీ రాలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. సెన్సర్ ఒక్కోసారి నిజంగానే పోతుంది. కానీ వోల్టేజి ఎంత వచ్చింది, ఎంత రావాలి, వైరు చూశారా, లీకు చూశారా – వీటికి జవాబు చెప్పగలిగినవాళ్లకే మార్చమని చెప్పండి.

డయాగ్నసిస్‌కి చార్జి అడుగుతున్నారు. కోడ్ చదవడానికి ఇంతా?

కోడ్ చదవడానికి రెండు నిమిషాలు చాలు, దానికి పెద్ద మొత్తం అడిగితే ప్రశ్నించండి. కానీ కారణం వెతకడానికి గంటలు పడుతుంది, అది నైపుణ్యం ఉన్న పని. ఆ డబ్బు ఇవ్వడానికి వెనకాడకండి. ముందే రెండు విషయాలు తేల్చుకోండి: ఆ చార్జిలో ఏయే పరీక్షలు ఉన్నాయి, పని అక్కడే చేయిస్తే దాన్ని బిల్లులో తగ్గిస్తారా.

"చూశాం సార్, ఏ లోపమూ కనబడలేదు" అంటున్నారు.

వచ్చి పోయే లోపాలతో ఇది మామూలే, వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వచ్చే లోపం, మధ్యాహ్నం షెడ్డులో స్టార్ట్ చేస్తే ఎలా కనబడుతుంది? రాత్రంతా బండి అక్కడే ఉంచి ఉదయం స్టార్ట్ చేయమనండి. లేదా టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లోపం వచ్చే దారిలోనే మీరు నడపండి. ఏమీ దొరకలేదన్న మాటను కూడా జాబ్ కార్డులో రాయించండి. వారంటీ అయిపోయాక అదే లోపం తిరగబెడితే, వారంటీలోనే ఫిర్యాదు చేశారనడానికి ఆ కాగితమే ఆధారం.

వారంటీ ఉంటే ఇంకేం అడగాలి?

మీ కారు వీఐఎన్ (అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే, ఆ కారుకే చెందిన గుర్తింపు నంబరు) మీద రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం, ఏదైనా ఉందేమో చూడమనండి. రీకాల్ పని ఉచితం. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఒక మోడల్‌లో అదే లోపం పదేపదే వస్తుంటే, దాన్ని ఎలా సరిచేయాలో కంపెనీ డీలర్లకు సర్వీస్ బులెటిన్ పంపుతుంది. "ఈ లోపం మీద బులెటిన్ ఉందా?" అని అడగండి. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే పోతుంది. వారంటీ ఈ మధ్యే అయిపోయి, సర్వీసులు సరిగా చేయించి ఉంటే కంపెనీ ఖర్చులో కొంత భరిస్తుందేమో రాతపూర్వకంగా అడగండి. గుడ్‌విల్ అంటారు దాన్ని. అడగనివాళ్లకు వచ్చే అవకాశం తక్కువ.

పాత పార్టులు అడిగితే బాగుంటుందా?

అడగండి, ముందే అడగండి, జాబ్ కార్డులో రాయించండి. వారంటీ కింద మార్చినవీ, ఎక్స్‌చేంజ్ మీద ఇచ్చినవీ వెనక్కి ఇవ్వకపోవచ్చు. అప్పుడు కనీసం చూపించమనండి.

డబ్బు కట్టాక అదే లైటు మళ్లీ వచ్చింది.

కొత్త జాబ్ కార్డు మొదటి నుంచి మొదలుపెట్టనివ్వకండి. పాత బిల్లు చూపించి, "అదే ఫిర్యాదు, తిరిగి వచ్చింది" అని రాయించండి. కోడ్ అదేనా, వేరేదా అన్నది ముఖ్యం. అదే కోడ్ అయితే మొదటిసారి కారణం దొరకలేదనే అర్థం, మళ్లీ డయాగ్నసిస్ చార్జి అడగడం న్యాయం కాదు. సర్వీస్ మేనేజర్‌తో మాట్లాడండి, మాట్లాడింది అదే రోజు ఈమెయిల్‌లో పెట్టండి. కదలిక లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. అక్కడ చెల్లేది తేదీలు, బిల్లులు, ఫొటోలు. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి మీద అరిస్తే ఏమీ రాదు, ఆమె మీ కారు బానెట్ కూడా చూసి ఉండదు.

బండి వెనక్కి తీసుకునేటప్పుడు?

బిల్లు కట్టే ముందే తాళం అడగండి. ఇంజిన్ ఆపి ఉండగా తాళం తిప్పి లైట్లన్నీ వెలుగుతున్నాయో చూడండి, తర్వాత స్టార్ట్ చేసి అన్నీ ఆరాయో చూడండి. అడ్వైజర్‌నో టెక్నీషియన్‌నో పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు నడపండి. ఏం పరీక్ష చేశారు, ఏం దొరికింది, ఏం మార్చారు – ఈ మూడూ బిల్లులో ఉన్నాయా? "సెన్సర్ రీప్లేస్డ్" అని ఒక్క ముక్కే ఉంటే, ఎందుకు మార్చారో కూడా రాసివ్వమని అడిగి, అది రాసేదాకా అక్కడే కూర్చోండి.